అప్‌డేట్: వీఎఫ్‌డీ ఆన్ చేస్తే టెంపరేచర్ రీడింగ్ ఎగరడం – సమస్య తీరింది

మోటార్ వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్) స్టార్ట్ చేయగానే పక్క ప్యానెల్‌లో టెంపరేచర్ రీడింగ్ ఇష్టమొచ్చినట్టు ఎగురుతోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. మోటార్ కేబుల్ షీల్డ్ (లోపలి వైర్ల చుట్టూ ఉండే లోహపు అల్లిక) చూడమన్నవారి మాటే నిజమైంది.

వచ్చిన ఇంజనీర్ ముందుగా డ్రైవ్ దగ్గర కేబుల్ చివర చూశారు. షీల్డ్ అల్లికను తోకలా మెలిపెట్టి, పొడవాటి వైరుతో ఎర్త్ బోల్టుకు కలిపి ఉంది. 50 హెర్ట్జ్ మెయిన్స్ కరెంట్‌కి అది సరిపోతుంది గానీ, డ్రైవ్ స్విచింగ్‌లో పుట్టే మెగాహెర్ట్జ్ స్థాయి ఎలక్ట్రికల్ నాయిస్‌కి ఆ తోక ఇండక్టెన్సే (వేగంగా మారే కరెంట్‌ని అడ్డుకునే గుణం) పెద్ద అడ్డు. దాంతో నాయిస్ కరెంట్ వేరే దారి వెతుక్కుంటుంది. మా సెన్సర్ కేబుల్ అదే ట్రేలో పక్కనే ఉంది మరి! తోక తీసేసి, షీల్డ్‌ని చుట్టూ పూర్తిగా పట్టుకునే మెటల్ క్లాంప్ పెట్టి, పెయింట్ గీకిన ప్లేటుకు బిగించారు. మోటార్ వైపు కూడా అంతే. రీడింగ్ అక్కడికక్కడే నిలబడింది. తర్వాత సెన్సర్ కేబుల్‌ని వేరే ట్రేలోకి మార్చి, అది మోటార్ కేబుల్‌ని దాటే చోట 90 డిగ్రీల్లో వేశారు.

మేం చేసిన మిగతా ప్రయత్నాల్లో, సెన్సర్ మార్చడం దండగ ఖర్చు. విడిగా ఎర్త్ రాడ్ వేసినా తేడా లేదు. డ్రైవ్ క్యారియర్ ఫ్రీక్వెన్సీ (స్విచింగ్ వేగం) 8 నుంచి 4 కిలోహెర్ట్జ్‌కి దించితే కాస్త తగ్గింది గానీ మోటార్ కూత భరించలేం, మళ్లీ 8కే పెట్టేశాం.