అక్రాలో తల తెగిన ఎన్‌క్రుమా: చూడాలా, వదిలేయాలా?

కొత్తబాట: ఆఫీసు పని మీద ఘనా రాజధాని అక్రా వచ్చాను. ఆదివారం ఖాళీ. ఈ దేశపు తొలి ప్రధాని క్వామే ఎన్‌క్రుమా స్మారక పార్కు తప్పకుండా చూడమని కొందరు, సమాధి తప్ప ఏముందని కొందరు. వెళ్ళినవాళ్ళు చెప్పండి.

గోదారిగట్టు: వెళ్ళకండి. వాళ్ళకో రేటు, విదేశీయులకో రేటు. పైగా నన్ను తీసుకెళ్ళిన టాక్సీవాడు మిట్టమధ్యాహ్నం ఎక్కడో దింపేసి, వెయిటింగ్ అంటూ డబుల్ గుంజాడు. ఒక సమాధి, నాలుగు ఫౌంటెన్లు. దీనికా?

అక్రాబాబాయ్: టాక్సీవాడు గుంజితే ఎన్‌క్రుమా ఏం చేస్తాడండీ? చార్మినార్ దగ్గర మనం విదేశీయుల దగ్గర ఎన్ని రెట్లు తీసుకుంటున్నామో చూడండి ముందు.

కొత్తబాట గారూ, అది తెల్లదొరలు పోలో ఆడుకున్న మైదానం. అప్పట్లో నల్లవాళ్ళు అందులో అడుగుపెట్టడానికి లేదు. 1957 మార్చి 6న స్వాతంత్ర్యం వచ్చిందని ఎన్‌క్రుమా ప్రకటించింది సరిగ్గా అక్కడే. ఇప్పుడు ఆ చోట చెయ్యి చాచిన కంచు విగ్రహం ఉంది. వెనక పాలరాతి మందిరం, మొన కిందికి దించిన కత్తి ఆకారంలో కట్టారు. ఇక్కడి అకాన్ తెగవాళ్ళకు అది శాంతికి గుర్తు. లోపల ఆయన పక్కనే భార్య ఫాతియా. 1966లో ఆయన విదేశంలో ఉండగా సైన్యం, పోలీసులు కలిసి గద్దె దించారు. మళ్ళీ సొంత దేశంలో కాలు పెట్టలేదు. 1972లో రుమేనియాలో పోయాడు. శవాన్ని ముందు గినీలో పెట్టారు, తర్వాత సొంతూరు న్‌క్రోఫుల్‌లో, 1992లో ఇక్కడికి తెచ్చారు. మరి ఆ కుట్ర నడిపిన సైన్యాధికారి కొటోకా? 1969లో ఇక్కడి ఎయిర్‌పోర్టుకి ఆయన పేరే పెట్టారు!

చిట్టిగువ్వ: గాంధీ విగ్రహాన్ని పీకేసిన ఊరు కదా అది?

అక్రాబాబాయ్: పార్కులో కాదమ్మా, ఘనా విశ్వవిద్యాలయంలో. 2016లో ప్రణబ్ ముఖర్జీ ఆవిష్కరించారు. గాంధీ దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు నల్లవారి గురించి రాసిన మాటలు చూపించి అధ్యాపకులే అభ్యంతరం చెప్పారు. 2018లో తీసేశారు. 1950లో ఎన్‌క్రుమా జైలుకెళ్ళింది గాంధీ పద్ధతిలో ఉద్యమం నడిపే. రెండూ నిజాలే.

ఓరుగల్లు: సమాధి కన్నా ముఖ్యమైంది ఎవరూ చెప్పడం లేదు. కుట్ర రోజున గుంపు కూల్చిన పాత విగ్రహం అక్కడే ఉంది. మెడ దగ్గర కంచు చిరిగినట్టు ఉంటుంది. తల వేరే దిమ్మె మీద. ఎవరో ఇన్నేళ్ళూ దాచి 2009లో అప్పగించారు. అతికించలేదు. నాకు అదే నచ్చింది.

గోదారిగట్టు: నచ్చడమేంటన్నా? భిన్నమైన విగ్రహాన్ని ఎవరైనా ఎదురుగా పెట్టుకుంటారా? అతికించాలి, లేదంటే తీసెయ్యాలి. అలా ఉంచితే గౌరవమా, ఎగతాళా?

ఓరుగల్లు: అది గుడి కాదు. ఎన్‌క్రుమా కూడా దేవుడు కాదు. 1958లో విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టం తెచ్చాడు, 1964లో తన పార్టీ ఒక్కటే ఉండాలన్నాడు. స్వాతంత్ర్యం కోసం ముందునుంచీ పోరాడిన డాంక్వా 1965లో ఆయన జైల్లోనే చచ్చిపోయాడు. జనం కోపం ఊరికే రాలేదు.

అక్రాబాబాయ్: కుట్రలో విదేశీ చెయ్యి గురించి కూడా ఇక్కడ చెప్పుకుంటారు. ఆయన మంచి పనులూ చేశాడు. వోల్టా నది మీది అకొసొంబో డ్యామ్ కట్టించింది ఆయనే కదా? 1966 జనవరిలో ప్రారంభించాడు, నెల తిరిగేసరికి దించేశారు.

గోదారిగట్టు: డ్యామ్ సంగతి వదిలేయండి. కోపం వస్తే విగ్రహం కూల్చొచ్చన్నమాట! 2011 మార్చిలో తెలంగాణ ఉద్యమంలో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూల్చింది కూడా రైటేనా? శ్రీశ్రీ, జాషువా ఎవర్ని జైల్లో పెట్టారు?

ఓరుగల్లు: వచ్చింది అసలు సంగతి. టాక్సీ, టికెట్ అంటూ ఇంతసేపు తిప్పావ్.

గోదారిగట్టు: అవును, అదే. ఆ రోజు టీవీలో చూసి మా నాన్న అన్నం ముట్టలేదు.

ఓరుగల్లు: మీ నాన్నగారి బాధ కాదనను. జాషువా పద్యాలు మా నాన్నకీ నోటికొచ్చు. కానీ ఆ విగ్రహాల వరుసలో మా తెలంగాణవాళ్ళు ఎందరని ఏళ్ళ తరబడి అడిగాం, ఎవరూ పలకలేదు. కూలినవాటి చోట గబగబా కొత్తవి పెట్టేశారు. ఇప్పుడు అక్కడికెళ్ళే కుర్రాళ్ళకి ఏమీ జరగనట్టే ఉంటుంది. ఒక్కదాన్నైనా విరిగినట్టే ఉంచి, పక్కన పలక పెట్టాల్సింది.

గోదారిగట్టు: పెడితే ఏం రాస్తావ్? గుంపు కూల్చింది అనే కదా రాయాలి?

ఓరుగల్లు: ఎందుకు కూల్చిందో రాయకుండానా? అక్రా పలకతోనూ నాకు అదే పేచీ. కుట్ర రోజు మూక దాడి చేసిందని ఉంది. నేను చూసినంతలో డాంక్వా మాటే లేదు.

గోదారిగట్టు: కారణం రాస్తే సమర్థించినట్టే. నేనొప్పుకోను.

ఓరుగల్లు: రాయకపోతే మమ్మల్ని మూక అన్నట్టే. నేనూ ఒప్పుకోను.

చిట్టిగువ్వ: పాపం, అడిగినాయన ఆదివారం ఏం చేయాలో ఎవరైనా చెప్పారా?

కొత్తబాట: వెళ్తున్నానండీ. పలక ఫొటో తీసి ఇక్కడే పెడతాను, అప్పుడు కొట్టుకోండి.