పెంకు గట్టిపడాలంటే ఆల్చిప్ప దాణాలో కలపాలా, విడిగా పెట్టాలా?

పెరటిపెట్ట:
అందరికీ నమస్తే. మా గూట్లో గుడ్లు పెట్టే పెట్టలు, ఎదిగే పిల్లలు, ఒక పుంజు అన్నీ కలిసే ఉంటాయి. ఈమధ్య గుడ్డు చేతిలోకి తీసుకుంటే చాలు పెంకు నొక్కుకుపోతోంది. నిన్న పొద్దున అయితే కోళ్లు పడుకునే కర్ర కింద రెట్టలో తోలుగుడ్డు పడుంది, పెంకే లేదు, మెత్తటి పొర లోపల సొన అటూ ఇటూ కదులుతోంది. ఆల్చిప్ప పొడి దాణాలో కలిపెయ్యమని ఒకరు, కలపొద్దు విడిగా పెట్టమని ఇంకొకరు. ఏం చెయ్యాలి?

గంపకింద:
కలిపెయ్యండి అన్నా. విడిగా పెడితే ఒక గడుసు పెట్ట గిన్నె దగ్గర నిలబడి మిగతావాటిని పొడిచి తరిమేస్తుంది, కొన్నయితే అది తినేదని కూడా తెలీక దాటుకుని పోతాయి. కలిపితే ఆ గొడవే లేదు, తిన్న ప్రతిదానికీ అందుతుంది. కొనే లేయర్ దాణాలో, అంటే గుడ్లు పెట్టే కోళ్ల మేతలో కూడా కలిపే ఇస్తారు కదా, సుమారు 4 శాతం కాల్షియం ఉంటుంది.

కందనకాయ:
గంపకింద గారూ, అన్నీ గుడ్లు పెట్టే పెట్టలే అయితే మీరన్నది సరే. ఆయన గూట్లో పిల్లలున్నాయి, పుంజు ఉంది, అదే అసలు పాయింట్. ఎదిగే కోడికి 1 శాతం కాల్షియం సరిపోతుంది, దానికి నెలల తరబడి 4 శాతం తినిపిస్తే కిడ్నీలు పాడవుతాయి, అది పైకి కనపడదు, కనపడేసరికి చెయ్యగలిగింది పెద్దగా ఉండదు. ఒక్క గుడ్డు పెంకుకే 2 గ్రాములకు పైగా కాల్షియం పోతుంది, కాబట్టి గుడ్డు పెట్టే పెట్టకి చాలా కావాలి, పెట్టనిదానికి అక్కర్లేదు, రెండిటికీ ఒకే దాణాలో కొలత ఎలా కుదురుతుంది చెప్పండి. విడిగా పెడితే ఎంత కావాలో ఆ పెట్టే తేల్చుకుంటుంది, గుడ్లు పెట్టే పెట్ట సాయంత్రం పూట కాల్షియం వెతుక్కుని మరీ తింటుంది.
ఇంకోటి, పొడి వద్దు. పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రి, అంటే కోడి మేత ముట్టని టైంలో. పొడి అయితే తొందరగా కడుపు దాటిపోతుంది. ముక్కలుగా ఉంటే కందనకాయలో ఆగి రాత్రంతా మెల్లగా కరుగుతుంది. అది లేకపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది, అలా ఎన్నాళ్లు లాగుతుంది పాపం.

గంపకింద:
ముక్కల సంగతి ఒప్పుకుంటా, పిల్లల సంగతి కూడా. కానీ గడుసు పెట్ట సమస్య అలాగే ఉంది కదా, దానికేం చెప్పలేదు మీరు.

కందనకాయ:
రెండు గిన్నెలు, ఒకటి కనపడితే ఇంకోటి కనపడనంత దూరంలో పెట్టండి. ఒక పెట్ట రెండు చోట్లా కాపలా కాయలేదు. గిన్నె నేల మీద కాదు, కోడి వీపు ఎత్తులో ఉండాలి, లేకపోతే రెట్ట పడి ఏదీ ముట్టదు.

నీడపట్టున:
మీరిద్దరూ గిన్నె దగ్గరే ఆగిపోయారు, గూడు గురించి ఎవరూ అడగట్లేదు. ఎండలకి కోళ్లు నోరు తెరిచి రొప్పుతున్నాయా అన్నా? అలా రొప్పినప్పుడు ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది, పెంకులో ఉండేది కాల్షియం కార్బొనేట్ కాబట్టి ఆ కార్బొనేట్‌కి కొరత వస్తుంది, అప్పుడు ఎంత ఆల్చిప్ప పెట్టినా పెంకు పల్చనే. పైగా ఎండకి మేత కూడా తగ్గించేస్తాయి. గూటి పైభాగంలో వేడి గాలి బయటికి పోయే సందు ఉండాలి, నీళ్లు నీడలో ఉండాలి. పగలు బయటికి వదలండి, ఒంటికి ఎండ తగిలితేనే విటమిన్ డి తయారవుతుంది, అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. పెట్టల వయసెంతో కూడా చెప్పండి, ముదిరేకొద్దీ గుడ్డు సైజు పెరుగుతుంది, పెంకు మాత్రం అంతే ఉంటుంది, అందుకే పల్చబడుతుంది.

పెరటిపెట్ట:
అవునన్నా, మధ్యాహ్నం రొప్పుతున్నాయి, గూటికి ఒక్క తలుపే ఉంది, కిటికీ లేదు. పెట్టలు కూడా పాతవే. అందరికీ ఇప్పుడు లేయర్ దాణానే పెడుతున్నా, అది మార్చాలన్నమాట.

కందనకాయ:
మార్చండి. అందరికీ ఎదిగే కోళ్ల దాణా, పక్కన ఆల్చిప్ప ముక్కలు. తోలుగుడ్డు ఎప్పుడో ఒకటి పడితే కంగారు వద్దు, పెంకు ముడతలు పడి తెల్లసొన నీళ్లలా కారుతూ కోళ్లు తుమ్ముతుంటే మాత్రం అది మేత సమస్య కాదు, డాక్టర్‌కి చూపించాలి.

నీడపట్టున:
గూట్లో రెండు గోడలకీ పైన సందులు కొట్టి జాలీ వెయ్యండి, కర్ర మీద పడుకున్న కోడికి ఈదురుగాలి నేరుగా తగలకుండా దాని తల కంటే ఎత్తులో ఉంచండి.

పెరటిపెట్ట:
సరే, ఈ ఆదివారం సందులు కొడతా. ఆల్చిప్ప దొరికేదాకా వాడేసిన గుడ్డు పెంకులు పెట్టొచ్చా?

గంపకింద:
పెట్టొచ్చు, కానీ ఓవెన్‌లోనో పెనం మీదో బాగా వేడిచేసి, గుడ్డు పెంకని గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలు చెయ్యండి. సగం పెంకు అలాగే వేస్తే కోడి గుడ్డు పొడుచుకుని తినడం అలవాటు చేసుకుంటుంది, అది మాన్పించడం చాలా కష్టం. ఇది మాత్రం విడిగానే పెట్టండి, కలపమనను.