పూల స్టాంపుకి రంగులన్నీ ఒకేసారి అద్దాలా, రంగుకో స్టాంపు కొనాలా?

నల్లకుంట_కోడలు: మా ఆడపడుచు గృహప్రవేశానికి పిలుపు కార్డులు చేతితోనే చేస్తున్నా, పైన బంతిపూలు. మధ్యలో పసుపు, అంచులకి ఎరుపు రావాలి. ఉన్న రబ్బరు స్టాంపుతో అవుతుందా, ఒకే పువ్వుకి రంగుకో స్టాంపు ఉండే లేయర్ సెట్ కొనమంటారా?

సరళ_కాగితాలు: ఒక్క స్టాంపు చాలండి. ముందు పువ్వంతా పసుపు ప్యాడ్ మీద అద్దండి, తర్వాత స్టాంపు వంచి పట్టుకుని అంచులు మాత్రం ఎర్ర ప్యాడ్ మీద చుట్టూ దొర్లించండి, ఇంకు తడిగా ఉండేలా స్టాంపుకి హా అని నోటి ఆవిరి పట్టి కార్డు మీద నొక్కండి. రెండూ కలిసిన చోట నారింజ దానంతటదే వస్తుంది. మళ్లీ పసుపు ప్యాడ్ ముట్టుకునే ముందు స్టాంపు తుడవాలి, లేకపోతే ప్యాడ్ పాడైపోతుంది. బ్రష్ పెన్నులతో కూడా పూయొచ్చు కానీ వాటర్ బేస్డ్‌వే వాడండి, ఆల్కహాల్ మార్కర్ కాగితం దాకా వచ్చేలోపే ఆరిపోతుంది.

కూకట్‌పల్లి_క్రాఫ్ట్: శుభకార్యం కార్డు మీద నోటితో ఊదడమా? దానికి పసుపు కుంకుమ పెట్టి మొదటిది దేవుడి దగ్గర పెడతాం కదండీ. దీపమే నోటితో ఊది ఆర్పం మనం. ఎంగిలి అది.

సరళ_కాగితాలు: ఊదేది స్టాంపు మీద, కార్డు మీద కాదు. ఆవిరి ఎంగిలెట్లా అవుతుంది?

బర్కత్‌పుర_అన్న: స్టాంపు మీద స్ప్రే బాటిల్‌తోని నీళ్లు దూరం నుంచి సన్నగ కొట్టుండ్రి, లొల్లి ఒడుస్తది. నునుపు కాగితం మాత్రం తీస్కోకు చెల్లె, దానిమీద ఇంకు జల్ది ఆరది, చెయ్యి తాకితే అలుక్కపోతది.

కూకట్‌పల్లి_క్రాఫ్ట్: స్ప్రే చేస్తే గీతలు పోయి మరకలవుతాయి. అసలు ఈ తిప్పలన్నీ ఎందుకు, లేయర్ సెట్ తీసుకుంటే లేత రంగు ముందు, ముదురు చివర, స్టాంపు ప్రతిసారీ ఒకే చోట పడేలా పట్టి ఉంచే పొజిషనర్‌లో పెట్టి నొక్కితే అన్ని పూలూ ఒక్కలాగే వస్తాయి. పెడన కలంకారీ వాళ్లు తరతరాలుగా చేసేదీ అదే, రంగుకో అచ్చు. వాళ్లకన్నా మనకి ఎక్కువ తెలుసా?

సరళ_కాగితాలు: పెడన సంగతి సగమే చెప్పారు. అక్కడ కరక్కాయ నీళ్లలో నానేసిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు అద్దితే నలుపు వస్తుంది, పటిక అద్దిన చోట రంగులో ఉడికించాకే ఎరుపు తేలుతుంది. ఆ రెండూ ఒకే అచ్చు మీద కలిస్తే రంగు చెడుతుంది కాబట్టి అచ్చులు వేరు. మన ఇంకు ప్యాడ్‌కి ఆ అవసరం లేదు, ఇక్కడ రంగులు ఒకదాంట్లోకి ఒకటి కరగడమే అందం. లేయర్ సెట్ పువ్వులో ఏ రంగు ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు కనబడుతుంది.

కూకట్‌పల్లి_క్రాఫ్ట్: మీ అందం మీకు బాగుంటుంది. మీరు చెప్పినట్టే దొర్లించి ఒకాయనకి పెళ్లి కార్డులు చేసిస్తే, ఒకటి ఎర్రగా ఒకటి పచ్చగా ఉన్నాయి, ఇవి మా వియ్యంకులకి ఎలా ఇస్తామమ్మా అని సగం వెనక్కి పంపారు. ఆ కాగితం ఖర్చు ఎవరిస్తారు, మీరా?

సరళ_కాగితాలు: అందుకని పొజిషనర్‌లో వరసగా నొక్కేసి, ఎగ్జిబిషన్‌లో నా పక్క టేబుల్ మీదే హ్యాండ్‌మేడ్ అని బోర్డు పెట్టి నేను అమ్మే ధరలో సగానికి ఇస్తారా? నా టేబుల్ దగ్గరికొచ్చి చేత్తో పట్టుకుని చూసి, అక్కడ సగమే కదా అని వెళ్లిపోయారు అందరూ.

నల్లకుంట_కోడలు: అక్కా, మీరిద్దరూ తెలిసినవాళ్లా?

కూకట్‌పల్లి_క్రాఫ్ట్: అదీ అసలు కడుపుమంట. ఎంగిలి, పెడన అని ఇంతసేపు తిప్పాం. నాకు మణికట్టు నొప్పి, స్టాంపు వంచి దొర్లించే ఓపిక నా చేతికి లేదు. పొజిషనర్ లేకపోతే ఈ పనే మానుకోవాలి. కాగితం కోసేది నేను, మడిచేది నేను, రంగు ఎంచేది నేను. హ్యాండ్‌మేడ్ కాక ఏంటది?

సరళ_కాగితాలు: చెయ్యి నొప్పికి నేనేమీ అనలేదు, పొజిషనర్ వాడుకోండి. కానీ పొద్దంతా కూర్చుంటే నాకయ్యే కార్డులు కొన్నే, ఒక్కోటీ వేరే పువ్వు. రెంటికీ ఒకే పేరు పెడితే కొనేవాళ్లకి నా పని ఎక్కడ కనబడుతుంది? బోర్డు మీద పొజిషనర్‌తో చేసినవి అని రాయండి, ధర మీ ఇష్టం.

కూకట్‌పల్లి_క్రాఫ్ట్: రాయను. మీ కార్డు కింద ఒకే స్టాంపు, చేత్తో దొర్లించింది అని మీరు రాసుకోండి.