ఫిలిప్పీన్స్ సాహిత్యాన్ని కాలాలుగా ఎలా విడగొట్టాలి? కాస్త చెప్పండి

అన్నలూ అక్కలూ, మెడిసిన్ కోసం ఫిలిప్పీన్స్‌లోని దావో వచ్చాను, ప్రస్తుతం బీఎస్ (మెడిసిన్‌కి ముందు చేసే డిగ్రీ) చదువుతున్నా. ఇక్కడ 1956 చట్టం ప్రకారం ఇక్కడి జాతీయ వీరుడు, రచయిత రిజాల్ మీద కోర్సు అందరూ చదవాల్సిందే, దాంట్లోనే సాహిత్య చరిత్ర మీద ప్రజెంటేషన్ ఇమ్మన్నారు. వచ్చే సోమవారమే, ఒకటే టెన్షన్.

స్పానిష్ కాలం, అమెరికన్ కాలం, జపాన్ కాలం అని పాలకుల పేర్లతో స్లైడ్లు చేసేశా. కానీ చేశాక చూస్తే ఏదీ సరిగ్గా కుదరట్లేదు. రిజాల్ 1887లో 'నోలీ మే తాంగెరే' నవలని స్పెయిన్ పాలనకి వ్యతిరేకంగా, అదీ స్పానిష్‌లోనే, బెర్లిన్‌లో అచ్చు వేయించాడు. అంతకుముందే, 1838లో, బలగ్తాస్ అనే కవి 'ఫ్లోరాంతే అత్ లౌరా' కావ్యాన్ని ఇక్కడి భాష తగలోగ్‌లో రాశాడు. రెండూ స్పానిష్ కాలమేనా? జపాన్ వాళ్లొచ్చి ఇంగ్లీషుని అణిచేస్తే తగలోగ్ కథలు బాగా వచ్చాయట, అది ఇంకో తిరకాసు.

అన్నిటికంటే పెద్ద చిక్కు మౌఖిక కథలతో. మిందనావో దీవిలో మరనావో జాతి వాళ్ల 'మహారదియా లవన' ఉంది, చదువుతుంటే మన రావణుడే (నిజంగా ఉలిక్కిపడ్డా). అది ఎప్పటినుంచో నోటి మీద ఉన్నదే, కానీ కాగితం మీదకెక్కింది 20వ శతాబ్దంలో. దీన్ని స్పెయిన్ రాకముందు కాలంలో పెట్టొచ్చా, లేక రాసుకున్న కాలంలోనా?

పాలకుల్ని బట్టి కాకుండా భాషల్ని బట్టి విడగొడితే మార్కులు పోతాయా? ఇక్కడ ఈ కోర్సు చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.