అప్‌డేట్: పోకర్‌లో రీ-రైజ్ వస్తే మీడియం పాకెట్ పెయిర్‌తో (చేతిలో ఒకే అంకె ఉన్న రెండు కార్డులతో) కాల్ చేయాలా (ఆ పందేనికి సమానంగా పెట్టాలా)?

కటాఫ్‌లో (బటన్‌కి, అంటే డీలర్ సీటుకి, ఒక సీటు ముందు) 8-8తో 2.5 బిగ్ బ్లైండ్లకు (బిగ్ బ్లైండ్ అంటే కార్డులు చూడకముందే పెట్టాల్సిన పెద్ద పందెం) రైజ్ చేస్తే, బటన్ మీదున్నతను దాన్ని 8 బ్లైండ్లకు పెంచి రీ-రైజ్ చేశాడు, ఇప్పుడేం చేయాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది "ముందు స్టాక్ (ఆటగాడి దగ్గరున్న చిప్స్) చూడు" అన్న సలహా. ఫ్లాప్‌లో (టేబుల్ మీద మొదట తెరిచే మూడు కార్డుల్లో) సెట్, అంటే మూడో 8, పడేది దాదాపు 12 శాతమే. కాబట్టి సెట్ కోసమే కాల్ చేస్తే, కాల్‌కి పెట్టేదానికి కనీసం 15 రెట్లు ఇద్దరి దగ్గరా వెనకాల ఉండాలి. ఇక్కడ కాల్‌కి ఇంకా పెట్టాల్సింది 5.5, దానికి 15 రెట్లంటే సుమారు 83 బ్లైండ్లు. 100 బ్లైండ్ల స్టాక్‌తో పర్లేదు, 40 ఉంటే ఆ లెక్క కుదరదు.

7-5-2 లాంటి ఫ్లాప్ వస్తే సెట్ లేకపోయినా ఒక బెట్‌కి కాల్ చేస్తున్నా. అలాంటివి అరుదు లెండి, 8-8కి ఫ్లాప్‌లో 8 కన్నా పెద్ద కార్డు కనీసం ఒకటి 87 శాతం సార్లు వస్తుంది. క్వీన్-జాక్-6 మీద అతను బెట్ వేస్తే వెంటనే ఫోల్డ్ (కార్డులు వదిలేయడమే).

"మళ్లీ రైజ్ చేసి అతని బలం తెలుసుకో" అన్నది మాత్రం నాకు పనిచేయలేదు. మనకన్నా బలహీనమైన కార్డులన్నీ ఫోల్డ్ అయిపోయి, మనల్ని కొట్టేవే మిగులుతున్నాయి. అతను ఎంతసేపు ఆలోచించాడన్నదీ అనవసరమే.

ఇదంతా క్యాష్ గేమ్ (చిప్స్‌కి నేరుగా డబ్బు విలువ ఉండే ఆట) లెక్క, టోర్నమెంట్ చివర్లో వాడకండి.