పిల్లలు కుంగిపోకముందే చుట్టూ ఉన్నవాళ్లం ఏం చేయాలి? (చర్చ)

గాలిపటం
మా బృందంలో 13 నుంచి 19 ఏళ్ల పిల్లలు నలభై మంది ఉన్నారు. సాయానికి ముందుకొచ్చిన పెద్దలు ఏడెనిమిది మంది. వైద్యం గురించి అడగట్లేదు, అది డాక్టర్ల పని. అంతదాకా పోకముందే ఏం చేయాలన్నదే ప్రశ్న.
1) మొదటి మూడు నెలలు దేంతో మొదలుపెట్టాలి?
2) పిల్లల మాట వినడానికి ఎలాంటి పెద్దలు పనికొస్తారు? ఎంత శిక్షణ కావాలి?
3) "మా వాడికేమైనా పిచ్చా?" అని ఎదురుతిరిగే తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలి?
4) నిపుణుల్ని పిలిచి ఒకరోజు సదస్సు పెడితే లాభముందా?

రాతిమెట్టు
నాలుగోదానికి ముందు చెప్తాను. పెట్టకండి. స్టేజీ మీద లక్షణాలన్నీ చదివి వినిపించి వాళ్లు కారెక్కి వెళ్లిపోతారు. ఆ రాత్రికి ప్రతి పిల్లా తనలో నాలుగు లక్షణాలు వెతుక్కుంటుంది, పొద్దున అడుగుదామంటే మనిషి ఉండడు. పాఠం ఒక్కటే మందు కాదనడానికి బ్రిటన్‌లో జరిగిన మిరియాడ్ ప్రయోగం చాలు. 85 బడులు, ఎనిమిది వేలకు పైగా పిల్లలు, మైండ్‌ఫుల్‌నెస్ (ధ్యాసను ఈ క్షణం మీద నిలిపే సాధన) పాఠాలు. 2022లో ఫలితాలు బయటికొచ్చాయి, మామూలు పాఠాలు విన్నవాళ్లకంటే వీళ్లకు జరిగిన మేలేమీ లేదు. ఇంటి దగ్గర సాధన చేసిన పిల్లలే తక్కువ.

ఆ సదస్సుకు పెట్టే ఖర్చుతో ఏడాదంతా ఒక గది తెరిచి ఉంచండి. వారంలో అవే రెండు రోజులు, అదే వేళ, అదే ఇద్దరు పెద్దలు. పిల్లలు రాకపోయినా ఆ ఇద్దరూ కూర్చోవాలి. మొదటి నెలన్నర దాదాపు ఎవరూ రారు, చాలా బృందాలు అక్కడే మూసేస్తాయి. వీళ్లు నిజంగా ఉంటారా లేదా అని పిల్లలు చూసేదీ ఆ నెలన్నరలోనే.

తూనికరాయి
గదులు, కుర్చీలు తర్వాత. ప్రజారోగ్య గణాంకాలే నా వృత్తి, కాబట్టి సూటిగా చెప్తున్నాను. కొలవకుండా మొదలుపెట్టే పని దేనికీ విలువ లేదు. మొదటి రోజే నలభై మందికీ పీహెచ్‌క్యూ-9 అనే కుంగుబాటు ప్రశ్నల ఫారం ఇవ్వండి. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది, ఆపైన వచ్చినవాళ్లను విడిగా పిలవండి. మూడు నెలలకు మళ్లీ ఇచ్చి తేడా చూడండి. అయిదు నిమిషాల పని.

పొద్దుతిరుగుడు
తూనికరాయి గారూ, తొమ్మిదో ప్రశ్న ఏంటో చదివారా? చచ్చిపోతే బాగుండును అనిపించిందా, మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలనిపించిందా అని. సాయంత్రం ఆరింటికి కాగితాలు తీసుకుని సంచిలో పెట్టుకుని వెళ్తారు. రాత్రి అందులో ఒక పిల్లాడు "దాదాపు రోజూ" అని టిక్కు పెట్టినట్టు తెలుస్తుంది. అప్పుడేం చేస్తారు? అడిగిన రోజే, ఆ పిల్లాడు గది దాటకముందే చూసే మనిషి లేనప్పుడు ఆ కాగితం పంచడమే తప్పు. అడిగారు, వాడు నిజం చెప్పాడు, ఎవరూ పలకలేదు. వాడు ఇంకోసారి ఎవరికైనా చెప్తాడా?

తూనికరాయి
ఆవేశం పక్కన పెట్టండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది పాత భయం, పరిశోధనలు దాన్ని సమర్థించలేదు.

పొద్దుతిరుగుడు
ఆ మాట నేననలేదు! అడగాలనే నేనూ అంటాను, ఎదురుగా కూర్చుని, నోటితో, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని తిన్నగా. అడిగేవాడికి తర్వాత ఏం చేయాలో తెలిసుండాలి అంటున్నాను. రెండూ కలపకండి.

గణాంకాలే మీ వృత్తి అన్నారు కదా, లెక్క కూడా చూద్దాం. 2001 నాటి మూల అధ్యయనంలో పది మార్కుల గీత దగ్గర ఆ ఫారం జబ్బు ఉన్నవాళ్లలో 88 శాతాన్ని పట్టింది, జబ్బు లేనివాళ్లలో 88 శాతాన్ని సరిగ్గా వదిలింది. వంద మంది పిల్లల్లో పదిమందికి కుంగుబాటు ఉందనుకుందాం. అందులో తొమ్మిది మంది పట్టుబడతారు. మిగతా తొంభైలో పదకొండు మందికి ఏమీ లేకుండానే గీత దాటుతుంది. మీరు "విడిగా పిలిచే" ఇరవై మందిలో సగానికి పైగా బాగున్న పిల్లలే. అందరి ముందూ పేరు పెట్టి పిలిస్తే ఆ పదకొండు మందికీ ముద్ర పడుతుంది. పైగా ఆ అధ్యయనం పెద్దవాళ్ల మీద.

తూనికరాయి
అందుకే దాన్ని వడపోత అంటాం, నిర్ధారణ అనం. రెండో మెట్టులో మనిషి కూర్చుని మాట్లాడితే ఆ పదకొండు మందీ బయటికి వచ్చేస్తారు. ఫారం వద్దంటే మూలన మౌనంగా కూర్చునే పిల్లను ఎలా కనిపెడతారో చెప్పండి. నోరున్నవాడు గదికి వస్తాడు. నోరులేనిది ఇంట్లోనే ఉంటుంది. మీ పద్ధతిలో ఆమె ఎవరి కంటా పడదు.

చిగురుకొమ్మ
ఇద్దరూ కాస్త ఆగండి. దీనికి జవాబు యూరప్‌లో పది దేశాల్లో చేసి చూశారు. 168 బడులు, 11,110 మంది పిల్లలు, 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది, సేయ్‌లే అంటారు. మూడు పద్ధతులు పక్కపక్కన పెట్టారు. టీచర్లకు ప్రమాద సూచనలు గుర్తించే శిక్షణ ఒకటి, ఫారాలు నింపించి నిపుణుల దగ్గరికి పంపడం రెండోది, పిల్లలకే నేరుగా పని పెట్టడం మూడోది. ఏడాది తర్వాత చూస్తే కొత్తగా ఆత్మహత్యాయత్నాలు మూడోదాంట్లోనే సగానికి పైగా తగ్గాయి. ఫారాల పద్ధతిలోనూ టీచర్ల శిక్షణలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఆ మూడోది ఉపన్యాసం కాదు. నాలుగు వారాల్లో మొత్తం అయిదు గంటలు. అందులో మూడు గంటలు పిల్లలు పాత్రలు వేస్తారు. స్నేహితుడు పలకడం మానేశాడు, ఇంట్లో గొడవ, ఏది సరైనదో తేలని చిక్కు, ఇలాంటివి. పాత్ర వేస్తున్నప్పుడు మాటలు పిల్లలవే, పెద్దలు తప్పొప్పులు చెప్పరు. 32 పేజీల పుస్తకం ఇంటికి ఇస్తారు. గాలిపటం గారూ, మీ మొదటి మూడు నెలలకు ఇలాంటిదే సరిపోతుంది. పది మంది చొప్పున నాలుగు జట్లు చేయండి. వయసు తేడా మూడేళ్లు దాటకూడదు. 13 ఏళ్ల పిల్ల 19 ఏళ్ల వాళ్ల ముందు నోరు విప్పదు.

తూనికరాయి
సేయ్‌లేలో ఫారం నింపి గీత దాటిన పిల్లల్లో చాలామంది తర్వాతి ఇంటర్వ్యూకే రాలేదు. లోపం ఫారంలోనా, పిలిచిన తీరులోనా? అది తేలకుండా ఫారాన్ని పాతిపెట్టకండి.

పొద్దుతిరుగుడు
రాలేదు కదా! నేనన్నదీ అదే. పిలిస్తే వచ్చేంత నమ్మకం ముందు ఏర్పడాలి.

వానచినుకు
మౌనంగా ఉండే పిల్లను కనిపెట్టడానికి ఫారం అక్కర్లేదు, హాజరు పుస్తకం చాలు. వరసగా రెండుసార్లు రాకపోతే మూడోరోజు ఒకరు ఫోన్ చేయాలి. "ఎందుకు రాలేదు" అని అడగకూడదు, "నువ్వు లేకపోతే వాలీబాల్ జట్టులో ఒకరు తగ్గారు" అనాలి. గమనించాల్సినవి నాలుగే: ఇష్టమైన ఆట మానేయడం, నిద్ర తలకిందులు కావడం, స్నేహితుల దగ్గర్నుంచి తప్పుకోవడం, తన వస్తువులు పంచిపెట్టేయడం. చివరిది కనబడితే ఆ రోజే మాట్లాడాలి.

నిద్ర మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఈ వయసులో ఒంట్లో గడియారమే వెనక్కి జరుగుతుంది, తొందరగా పడుకోమన్నా నిద్ర పట్టదు. అలాంటివాళ్లకు పొద్దున్న అయిదున్నరకు యోగా పెట్టి, రానివాణ్ని సోమరి అనే బృందాలున్నాయి. మనసు బాగుచేస్తామని నిద్ర లాక్కోవడం ఏం న్యాయం?

ఉక్కుపిడి
ఆటల మాట వచ్చింది కాబట్టి ఐస్‌లాండ్. అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో గత నెలలో ఒక్కసారైనా తాగి తూలినవాళ్లు 1998లో 42 శాతం, 2016కల్లా 5 శాతం. సాయంత్రాలు ఆటలు, సంగీతం, వాటికి సర్కారు డబ్బు, రాత్రి ఇన్ని గంటల్లోపు ఇంటికి చేరాలన్న నియమం, ఆ నియమాన్ని కలిసి పాటిస్తామని తల్లిదండ్రుల ఒప్పందం. పిల్లలకు చేతినిండా పని ఉంటే దిగులు పడే తీరికే ఉండదు. కౌన్సెలింగులు మనమే కల్పించుకున్న అవసరం.

చిగురుకొమ్మ
అది తాగుడు లెక్క, కుంగుబాటు లెక్క కాదు. ఉక్కుపిడి గారూ, రెండోదానికి దాన్ని రుజువుగా చూపించకండి. జట్టులో చోటు దొరకని పిల్లాడికి ఆటే అవమానం. ఐస్‌లాండ్ నుంచి తీసుకోవాల్సింది ఆ తల్లిదండ్రుల ఒప్పందం. ఒకరింట్లో పదింటికి రావాలి, పక్కింట్లో అడిగేవాళ్లే లేరు అంటే ఏ నియమమూ నిలవదు.

ఉక్కుపిడి
దిగులుగా ఉన్నవాణ్ని కూర్చోబెట్టి దిగులు గురించే మాట్లాడిస్తే తగ్గుతుందా? ఎవరు చెప్పారు?

నూలుపోగు
ఎవరూ చెప్పలేదు, బాగా చేసేచోట అలా చేయరు కూడా. జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో హరారేలో మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్ చూడండి. క్లినిక్ బయట ఒక బల్ల, దాని మీద శిక్షణ పొందిన ఓ బామ్మ. దిగులును తవ్వదు. నీకున్న కష్టాలన్నీ చెప్పు అంటుంది, అందులోంచి ఒక్కటి ఎంచుకోమంటుంది, దానికి ఏమేం చేయొచ్చో వచ్చినవాడి నోటే చెప్పిస్తుంది, ఈ వారంలో చేయగలిగిన ఒక పని తేల్చి పంపిస్తుంది. తర్వాతిసారి అది జరిగిందా లేదా అని అడుగుతుంది. అలా ఆరుసార్లు. 2016లో జామా పత్రికలో ఫలితాలొచ్చాయి, ఆర్నెల్ల తర్వాత లక్షణాలు బాగా తగ్గాయి. అది పెద్దవాళ్ల మీద చేసిన ప్రయోగమే, కానీ ఆ వరస పదహారేళ్లవాడికీ పనికొస్తుంది.

ఎక్కడ చెడుతుందంటే, ఎంచుకునే పని పెద్దదైపోతుంది. "లెక్కల్లో బాగుపడతాను" పని కాదు. "బుధవారం సాయంత్రం ఫలానావాడి దగ్గర మూడో అధ్యాయంలో అర్థంకాని రెండు లెక్కలు అడుగుతాను", అదీ పని. అయిందా లేదా అన్నది అవును, కాదు అనే ఒక్కమాటలో తేలాలి. సలహా ఇచ్చే అలవాటున్న పెద్దలకు ఇది చచ్చేంత కష్టం, శిక్షణలో సగం నోరు మూసుకోవడం నేర్పడమే.

రాతిమెట్టు
రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. బడి టీచర్లను ఎంచుకోకండి. బీహార్ ప్రభుత్వ బడుల్లో సెహెర్ అనే ప్రయోగం చేశారు, 2018లో వెలువడింది. ఒకే కార్యక్రమం కొన్ని బడుల్లో టీచర్లు నడిపారు, కొన్నింటిలో శిక్షణ ఇచ్చిన మామూలు కౌన్సెలర్లు నడిపారు. కౌన్సెలర్లు నడిపినచోట కుంగుబాటు, తోటిపిల్లల్ని ఏడిపించడం రెండూ తగ్గాయి. టీచర్లు నడిపినచోట ఏమీ కదల్లేదు.

బల్లముందు
ఇది చదివితే ఒళ్లు మండుతోంది. టీచర్లు పనికిరారని ఎలా తీర్మానిస్తారు? సిలబస్, పరీక్షలు, రిజిస్టర్లు అన్నీ ఉన్నవాడి నెత్తిన ఇదీ పెట్టి, వేళ ఇవ్వకుండా ఫలితం రాలేదంటారా? అదే టీచరుకు వారంలో నాలుగు పీరియడ్లు తగ్గించి చూడండి.

రాతిమెట్టు
టీచరు మనసు మంచిది కాదని అనట్లేదు. మార్కులు వేసే చేతికి రహస్యం చెప్పడానికి పిల్లాడు జంకుతాడు. మీరు నాలుగు పీరియడ్లు తగ్గించినా ఆ జంకు పోదు.

బల్లముందు
పిల్లలు ముందుగా వచ్చి ఏడ్చేది మా దగ్గరే. దీని గురించి ఇక వాదించను.

నిప్పుకణిక
రహస్యం అన్నారు కాబట్టి. "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను" అని ఏ పెద్దా మాటివ్వకూడదు, అది అబద్ధం. మొదటి రోజు, మాట మొదలుకాకముందే చెప్పాలి: "నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది, మూడు సందర్భాల్లో తప్ప. నీ ప్రాణానికి ప్రమాదం ఉంటే, నీ వల్ల ఇంకొకరికి ఉంటే, నిన్ను ఎవరైనా హింసిస్తుంటే. అప్పుడు కూడా ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తాను." ఇంట్లోవాళ్లే హింసిస్తుంటే చెప్పాల్సింది ఇంట్లోవాళ్లకు కాదు, ఇది రాసి గోడకు పెట్టండి. ఇంకా, ఒక పెద్ద ఒక పిల్లతో తలుపు మూసి కూర్చోకూడదు. మాట వినబడకూడదు, మనిషి కనబడాలి. తలుపుకు అద్దం ఉన్న గదైనా సరే, ఆరుబయట బెంచీ అయినా సరే.

వానచినుకు
తల్లిదండ్రుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మానసిక ఆరోగ్యం అనే మాటే ఎత్తకండి. నిద్ర, చిరాకు, చదువు మీద ధ్యాస, ఈ మూడింటితో మొదలుపెడితే తలుపు తీస్తారు. చేతికి ఒక్క పేజీ కాగితం ఇవ్వండి. ఏ రోజుల్లో, ఎంతసేపు, ఏ పెద్దల దగ్గర, ఏది మీకు చెప్తాం, ఏది చెప్పం. ఆ ఆఖరి వాక్యం దాచిపెడితే ఆర్నెల్లకు అదే పెద్ద గొడవవుతుంది.

పొద్దుతిరుగుడు
తొమ్మిదో ప్రశ్న దగ్గరికే వస్తున్నాను. "అవును, చచ్చిపోవాలనిపిస్తోంది" అని పిల్లాడు అన్న క్షణం నుంచి ఏం చేయాలో కాగితం మీద ఉండాలి. ఒంటరిగా వదలకూడదు. తిట్టకూడదు, అమ్మానాన్నల గురించి ఆలోచించవా అనకూడదు. ఎలా అని ఆలోచన చేశావా, అందుబాటులో ఏముంది అని అడగాలి. చేశానంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి, పక్కన మనిషితో. ఇంట్లో మాత్రలు, పురుగుమందు తాళం లోపలికి, ఆ తాళంచెవి పిల్లాడికి తెలియనిచోట. ఈ ఆఖరి పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ ప్రాణాలు నిలబెట్టేది అదే. ఆ ఉధృతి చాలామందిలో కాసేపే, ఆ కాసేపు చేతికి ఏదీ అందకూడదు.

ప్రమాదం అంత దగ్గరగా లేనివాడితో ఆరు వరసల భద్రతా కాగితం రాయించండి, వాడి చేతిరాతతోనే. నాకు దిగులు ముదురుతోందని ఎలా తెలుస్తుంది, ఒంటరిగా ఏం చేస్తే కాస్త తేరుకుంటాను, ఎవరి దగ్గరికి వెళ్తే మనసు మళ్లుతుంది, ఎవరిని సాయం అడగగలను, ఏ డాక్టరు లేదా హెల్ప్‌లైన్, ఇంట్లో ఏం తీసేయాలి.

తూనికరాయి
ఇది సరిగ్గా రాశారు. ఈ కాగితం చేతిలో ఉన్న బృందం ఫారం కూడా ఇవ్వొచ్చు. నా మాట మీదే ఉన్నాను.

గాలిపటం
వాట్సాప్ గ్రూపు పెట్టమని పిల్లలే అడుగుతున్నారు. పెట్టొచ్చా?

నిప్పుకణిక
కబుర్లకు, వేళలు చెప్పడానికి పెట్టండి. కష్టాలు చెప్పుకోవడానికి వద్దు. రాత్రి రెండింటికి ఒక పిల్ల "ఇక చాలు" అని పెడుతుంది, చూసేది ఇంకో పదిహేనేళ్ల పిల్ల. ఆ బరువు దాని మీద పడకూడదు. గ్రూపు పేరు కిందే రాయండి, ఇక్కడ రాత్రి తొమ్మిది తర్వాత పెద్దలెవరూ ఉండరు, అత్యవసరమైతే ఈ నంబరు అని.

నూలుపోగు
ఆ నంబరు రాసేముందు రాత్రి పదకొండింటికి ఒకసారి, ఆదివారం ఒకసారి మీరే చేసి చూడండి. ఎన్ని నొక్కులు నొక్కించాక మనిషి పలుకుతున్నాడో, తెలుగులో మాట్లాడుతున్నాడో లేదో తెలుస్తుంది. మూడు నెలలకోసారి మళ్లీ చేయండి, నంబర్లు మారిపోతుంటాయి.