హెచ్‌-1బి మీద ఉన్నవారు తుపాకుల భద్రత చట్టానికి మద్దతుగా సిటీ కౌన్సిల్‌లో మాట్లాడవచ్చా?

ప్రశ్న, శాన్ హోసే (కాలిఫోర్నియా) నుంచి:

గ్రూపులోని పెద్దలందరికీ నమస్కారం. మేము ఈ వేసవిలోనే హైదరాబాద్ నుంచి వచ్చాము. నాది హెచ్‌-1బి ఉద్యోగ వీసా, మావారిది నా వీసా మీద ఆధారపడిన హెచ్‌-4. మా పాప చదివే బడిలోని తల్లిదండ్రులు కొందరు కలిసి, తుపాకుల భద్రతకు సంబంధించిన నగర నిబంధనలను మరింత కట్టుదిట్టం చేయమని సిటీ కౌన్సిల్‌ను కోరబోతున్నారు, నన్ను కూడా వచ్చి రెండు మాటలు చెప్పమంటున్నారు. ఓటు లేని నేను అక్కడ మాట్లాడవచ్చా, మాట్లాడితే రేపు వీసా పొడిగింపుకు గానీ గ్రీన్‌కార్డుకు గానీ ఏమైనా ఇబ్బంది వస్తుందా అన్నదే నా సందేహం.

జవాబు, ఫ్రిస్కో (టెక్సస్) నుంచి:

అమ్మా, మాట్లాడడం సంగతి తరువాత చూద్దాం, అసలు నగరానికి ఆ అధికారం ఉందో లేదో ముందు తెలుసుకోండి. మా టెక్సస్‌లో అయితే లేదు. తుపాకులు కొనడం, దగ్గర ఉంచుకోవడం, దాచుకోవడం, వెంట తీసుకెళ్లడం, వీటిలో దాదాపు దేని మీదా నగరాలు సొంతంగా నియమాలు పెట్టకూడదని రాష్ట్ర చట్టమే కట్టడి చేసింది. పైగా 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు దాటి, చట్టపరమైన అనర్హత లేనివారు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ పెట్టుకుని తిరగవచ్చు. 2023 మే 6న మాకు పక్కనే ఉన్న ఆలెన్ మాల్‌లో 8 మందిని కాల్చి చంపినప్పుడు, వారిలో మన తెలుగు అమ్మాయి, ఇంజినీరుగా పనిచేస్తున్న పిల్ల, ఒకరు. ఆ తరువాత రెండు రోజులకు, కొన్ని రకాల రైఫిళ్లు కొనే వయసును 21కి పెంచే బిల్లు రాష్ట్ర సభలోని ఒక కమిటీలో 8-5 ఓట్లతో గట్టెక్కింది గానీ, సభలో ఓటింగుకు మాత్రం రానే లేదు. ఇక్కడి సిటీ కౌన్సిళ్లు సంతాపం ప్రకటించగలవు, రాష్ట్రాన్ని కోరుతూ తీర్మానం చేయగలవు, అంతే. మీ సందేహానికి వస్తే, వీసా మీద ఉన్నవాళ్లు ఇటువంటి రాజకీయ విషయాల్లో తలదూర్చకూడదన్న నియమం ఉంది. నా మాట విని ఇంట్లో ఉండండి.

జవాబు, సన్నీవేల్ నుంచి:

ఫ్రిస్కో అన్నగారు తమ రాష్ట్రం గురించి చెప్పినదంతా నిజమే కానీ, ఆఖరి వాక్యం మాత్రం పొరపాటు, అటువంటి నియమం లేదు. కాలిఫోర్నియాలో నగర సభలను నడిపించే బ్రౌన్ చట్టం ‘పౌరులు’ అనలేదు, ‘ప్రజలు’ అన్నది. కౌన్సిల్ సమావేశానికి వచ్చిన ఎవరైనా మాట్లాడవచ్చు, సభలో కూర్చోవడానికి పేరు రాసి తీరాలని కూడా బలవంతం చేయకూడదు. వీసా మీద ఉన్నవారికి నిషిద్ధమైనవి వేరే ఉన్నాయి. ఓటు వేయకూడదు, గ్రీన్‌కార్డు లేకుండా ఎన్నికల్లో అభ్యర్థులకు చందా ఇవ్వకూడదు. ఈ రెండూ గుర్తుంచుకుని, మీ పాప బడి గురించి మీరు నిశ్చింతగా మాట్లాడండి.

నగరాల అధికారం విషయంలో మన రాష్ట్రం టెక్సస్‌కు పూర్తిగా భిన్నం. తుపాకుల రిజిస్ట్రేషన్, లైసెన్సు రాష్ట్రం చేతిలోనే ఉంటాయి కానీ భద్రపరచడం, దొంగతనాన్ని పోలీసులకు తెలియజేయడం వంటివాటిలో నగరాలకు చోటుంది. మా సన్నీవేల్‌లో 2013 నవంబరులో మెజర్ సి అనే ప్రతిపాదనను ఓటర్లు మూడింట రెండొంతుల దాకా మద్దతుతో గెలిపించారు. ఇంట్లో తుపాకీని తాళం వేసి ఉంచాలి, పోతే 48 గంటల్లో పోలీసులకు చెప్పాలి, 10 తూటాలకు మించి పట్టే మ్యాగజైన్లు ఉండకూడదు, తూటాలు అమ్మే దుకాణం కొన్నవారి వివరాలు రెండేళ్లు దాచాలి అన్నవి అందులోని నిబంధనలు. మ్యాగజైన్ల నిషేధాన్ని కోర్టులో సవాలు చేసినా, 2015లో తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం దానిని నిలుపుదల చేయడానికి ఒప్పుకోలేదు. 2016లో రాష్ట్రవ్యాప్తంగా ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 63 వచ్చి ఇటువంటి నియమాలు కొన్నింటిని అందరికీ వర్తింపజేసింది, అయితే దొంగతనం తెలిపే గడువును అందులో 5 రోజులుగా పెట్టారు. 2024లో గవర్నరు సంతకం చేసిన ఎస్‌బి 53 అనే చట్టం ప్రకారం 2026 జనవరి 1 నుంచి ఇళ్లలో తుపాకులను తాళంలో ఉంచడం రాష్ట్రమంతటా తప్పనిసరి. చిన్న నగరాలు మొదలుపెట్టినదాన్ని రాష్ట్రం అందుకుంటుందని చెప్పడానికే ఇదంతా రాశాను.

అయితే హద్దు దాటితే నిలవదు. శాన్ ఫ్రాన్సిస్కో 2005లో ఓటర్ల చేతనే చేతి తుపాకులను నిషేధింపజేసుకుంది, రాష్ట్ర చట్టానికి విరుద్ధమని 2008లో అప్పీళ్ల కోర్టు దానిని కొట్టివేసింది.

జవాబు, ఫ్రీమాంట్ నుంచి:

చెల్లెమ్మా, కౌన్సిల్‌లో మాట్లాడడం వల్ల నీకు ఏ ప్రమాదమూ లేదు. ప్రమాదం ఇంకోచోట ఉంది, దాని గురించి ఎవరూ చెప్పడం లేదు. వీసా మీద ఉన్నవారి దగ్గర తుపాకీ గానీ, కనీసం ఒక్క తూటా గానీ ఉండడం 1998 నుంచి ఫెడరల్ నేరం. వేట లైసెన్సు ఉన్నవారికీ మరికొందరికీ మినహాయింపులు ఉన్నాయి. శిక్ష 15 ఏళ్ల వరకు పడవచ్చు, ఆ తరువాత దేశం నుంచి పంపించివేయడం సరేసరి. హెచ్‌-4కైనా, విద్యార్థుల ఎఫ్‌-1కైనా ఇదే నియమం.

మేము హెచ్‌-1బి మీద ఉన్న రోజుల్లో అద్దెకు తీసుకున్న ఇంటి గ్యారేజీలో ఒక అల్మరా యజమాని వాడకానికే ఉంటుందని లీజులో రాసి ఉంది. పాత సామానేమో అనుకున్నాం. అయితే ఇంటి తాళాల గుత్తిలో ఆ అల్మరా తాళంచెవి కూడా ఆయన మాకే ఇచ్చి వెళ్లాడు. వాటర్ హీటరు కారి గ్యారేజీ అంతా తడిసినప్పుడు, లోపలి సామాను పాడవుతుందేమో తెరిచి చూడమని ఫోనులో ఆయనే చెప్పాడు. తెరిస్తే రెండు రైఫిళ్లు, మూడు అరల్లో తూటాల డబ్బాలు. మా ఆవిడ పిల్లవాడిని ఎత్తుకుని అప్పటికప్పుడు పక్కింటికి వెళ్లిపోయింది. ఆయనకు చెబితే, అవి మా నాన్నవి, తాళం వేసేసి చెవి నీ దగ్గరే ఉంచుకో, ఏం కాదు అన్నాడు. తాళంచెవి నా చేతిలో ఉంటే అవి నా ఆధీనంలో ఉన్నట్టు ఎవరైనా వాదించవచ్చునని మా లాయరు చెప్పిన మాట ఆయనకు ఎంతకీ తలకెక్కలేదు. దేన్నీ ముట్టుకోవద్దని, అన్నీ ఈమెయిల్‌లోనే రాయమని, తాళంచెవి రిజిస్టర్డ్ పోస్టులో తిప్పి పంపమని లాయరు చెప్పినట్టే చేశాను. పోలీసుల నాన్‌-ఎమర్జెన్సీ నంబరుకు ఫోను చేస్తే, యజమాని చేతనే తీయించుకోండని మర్యాదగానే చెప్పారు. ఆయన ఎన్నో వాయిదాలు వేసి, చివరికి లాయరు ఉత్తరం అందాక వచ్చి తీసుకెళ్లాడు. ఆ కోపం ఇల్లు ఖాళీ చేసినప్పుడు బయటపడింది. గ్యారేజీ తలుపు పాడైందని డిపాజిట్‌లో సగం కోసుకున్నాడు, ఖర్చుల పట్టిక మాత్రం ఇవ్వలేదు. కాలిఫోర్నియాలో 21 రోజుల్లోపు ఆ పట్టిక ఇచ్చి తీరాలి. చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్తానన్నాక గానీ డబ్బు రాలేదు.

అందుకే అంటున్నాను, నీవు కౌన్సిల్‌కు వెళ్తే, అద్దెకిచ్చిన ఇళ్లలో యజమానులు తుపాకులు వదిలి వెళ్లకూడదన్న నిబంధన అడుగు. మనలాంటివాళ్లలో చాలామంది అద్దె ఇళ్లలోనే ఉంటాం, ఆ మాట మనం తప్ప ఇంకెవరు చెబుతారు?

జవాబు, మిల్పిటాస్ నుంచి:

నేను పౌరసత్వం తీసుకున్నవాడిని, ఇంట్లో చట్టప్రకారం కొన్న తుపాకీ ఉన్నవాడిని, కనుక ఈ గ్రూపులో నాది ఒంటరి గొంతని తెలుసు. మన ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకు తెలిసిపోయింది. పండుగకో పెళ్లికో ఊరు వెళ్తే తలుపులు పగలగొడుతున్నారు. ఇక్కడ తుపాకీ కొనాలంటే భద్రత పరీక్ష రాయాలి, 10 రోజులు ఆగాలి, 2024 జూలై నుంచి అమ్మకం మీద 11 శాతం రాష్ట్ర పన్ను కూడా వేశారు. ఇవన్నీ చాలవన్నట్టు శాన్ హోసే 2022లో తుపాకీ ఉన్నవారు బాధ్యతా బీమా తీసుకోవాలని, ఏటా రుసుము కట్టాలని ఆర్డినెన్స్, అంటే నగర చట్టం, చేసింది. దేశంలో అటువంటిది అదే మొదటిది. దొంగ బీమా తీసుకుంటాడా? నియమాలు పాటించేవాడి మీదే మళ్లీ నియమం.

జవాబు, సన్నీవేల్ నుంచి:

మిల్పిటాస్ గారు, ఆ ఆర్డినెన్స్ ఉత్తపుణ్యానికి రాలేదు. 2019లో గిల్రాయ్ వెల్లుల్లి ఉత్సవంలో కాల్పులు జరిగాయి, 2021 మే 26న శాన్ హోసేలో ప్రజా రవాణా సంస్థ వీటీఏ రైలు యార్డులో ఒక ఉద్యోగి 9 మంది తోటివారిని చంపాడు. వాటి నేపథ్యంలోనే అప్పటి మేయరు శాం లికార్డో దానిని ముందుకు తెచ్చారు. బీమా వల్ల ఎంత ప్రయోజనమో నాకూ అనుమానమే, అది మీకు ఒప్పుకుంటాను. కానీ బంగారం కోసం వచ్చిన దొంగ తాళం లేని సొరుగులో తుపాకీ కనిపిస్తే వదిలిపోతాడా? మీ వాదనే తాళానికీ, 48 గంటల నియమానికీ బలం ఇస్తోంది.

జవాబు, మిల్పిటాస్ నుంచి:

నాది తాళంలోనే ఉంటుంది. దానికి నాకు చట్టం చెప్పనక్కరలేదు.

జవాబు, ఫెయిర్‌ఫాక్స్ (వర్జీనియా) నుంచి:

మీరిద్దరూ కాలిఫోర్నియాలోనే తిరుగుతున్నారు. మాది అటు టెక్సస్సూ కాదు, ఇటు కాలిఫోర్నియానూ కాదు. 2020 జూలై నుంచి ప్రభుత్వ భవనాల్లో, పార్కుల్లో తుపాకులను నిషేధించే అధికారాన్ని రాష్ట్రమే స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చింది. అలెగ్జాండ్రియా నగరం, మా ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ ఆ ఏడాదే వాడుకున్నాయి. అదే రాష్ట్రంలో, అంతకు కొన్ని నెలల ముందే, కౌంటీల్లో అధిక భాగం తుపాకీ హక్కులకు మేము ఆశ్రయమని తీర్మానాలు చేశాయి. ఆ తీర్మానాలకు చట్టబలం లేదు గానీ, సభలు మాత్రం కిక్కిరిసిపోయాయి. అమ్మాయి ఒకటి గమనించాలి. తన నగరంలో ముందుకు రాబోయేది ఆర్డినెన్సా, ఉత్త తీర్మానమా? తీర్మానమైతే అది రాష్ట్రానికి రాసే ఉత్తరం వంటిది, ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది. ఆర్డినెన్స్ అయితే ఒక్కొక్క పదమూ ముఖ్యం.

జవాబు, సన్నీవేల్ నుంచి:

ఫెయిర్‌ఫాక్స్ గారు సరిగ్గా చెప్పారు. ఇక్కడ ఆర్డినెన్స్ సాధారణంగా రెండుసార్లు కౌన్సిల్ ముందుకు వస్తుంది. శాన్ హోసే బీమా నిబంధన 2022 జనవరి 25న ఒకసారి, ఫిబ్రవరి 8న మరోసారి వచ్చింది. మార్పులు కోరేవారు మొదటిసారే మాట్లాడాలి. ఇంకొక్క విషయం. ప్రమాదకరంగా ప్రవర్తిస్తున్నవారి దగ్గరి నుంచి తుపాకులను తాత్కాలికంగా తీసుకోమని కుటుంబ సభ్యులు కోర్టును కోరే వీలు 2016 నుంచి రాష్ట్రంలో ఉంది, కానీ మనవాళ్లలో దాని పేరు విన్నవారే తక్కువ. ఆ సమాచారాన్ని తెలుగు, హిందీ, వియత్నమీ భాషల్లో కూడా ఇవ్వమని అడగండి. కొత్త చట్టం అక్కరలేని పని కనుక, మిల్పిటాస్ గారికి కూడా అభ్యంతరం ఉండదనుకుంటాను.

జవాబు, మిల్పిటాస్ నుంచి:

దానికి అభ్యంతరం లేదు. బీమా మాట ఎత్తితే మాత్రం నేనూ వచ్చి వ్యతిరేకంగా మాట్లాడతాను. ఊరు వేరైనా మాట్లాడవచ్చు కదా?

జవాబు, సన్నీవేల్ నుంచి:

మాట్లాడవచ్చు, నివాసం అడగరు. అజెండాను సమావేశానికి 72 గంటల ముందు ప్రకటించాలి. అమ్మా, అందులో మీ అంశం సంఖ్య ఎంతో చూసి రాసుకోండి. వచ్చినవారు ఎక్కువైతే ఒక్కొక్కరికి ఇచ్చే సమయం తగ్గిస్తారు కనుక, అద్దె ఇంటి సంగతి ముందే చెప్పేయండి.